చెప్పగా విన్న చెలమ

ఆ పరమాత్ముడు దాహం అందరికీ ఒకేలా ఇచ్చాడు గానీ, వినండి తల్లీ, నోళ్ళు మాత్రం తలోరకం ఇచ్చాడు! ఒక అడవిలో ఏ కబురైనా "ఫలానావారు చెప్పగా" అంటూ పేరు పెట్టి చెప్పాలని ఆచారం. ఏ కబురుకు ఎక్కువ పేర్లు వినబడితే ఆ కబురే చెల్లుతుంది.

ఎండలకు వాగు ఇంకిపోయింది. బిడ్డ నాలుక పిడచకట్టుకుపోతుంటే తల్లి జింక, నీళ్ళెక్కడని అందరినీ అడిగింది.

"తూర్పు చెలమలో! మా బావ చెప్పగా విన్నా," అన్నాడొక గోరింక.

"నేను మా అక్క చెప్పగా విన్నా," అన్నాడు బావ.

"నాకు మా మరిది చెప్పాడమ్మా!" అంటూ అక్క మొదటి గోరింకనే చూపించింది.

జింక పేర్లు లెక్కపెట్టుకుంది. ఇంతమంది పేర్లు అబద్ధమవుతాయా?

"పడమటి గుండంలో ఇప్పుడే తాగొచ్చా," అంది తీతువు పిట్ట.

"ఎవరు చెప్పగా?" అని అడిగింది జింక.

"ఎవరూ చెప్పలేదు. నేనే చూశా."

"పేరులేని మాట లెక్కలోకి రాదమ్మాయ్!" అని గోరింకలు కిచకిచమన్నాయి.

జింక తూర్పుకే వెళ్ళింది. చెలమ నిండా ఇసుక.

"ఇంతకీ మీలో నీళ్ళు చూసిందెవరు?" అని వెంట వచ్చిన గోరింకలను అడిగింది.

గోరింకలు వెంటనే అందుకున్నాయి. "మంచి ప్రశ్నే అక్కా! ఎవరు చెప్పగా అడుగుతున్నావు?"

"నా బిడ్డ దాహం చెప్పగా," అంటూ జింక బిడ్డను నెట్టుకుంటూ పడమటికి తిరిగింది. తీతువు మాటైనా నిజమో కాదో ఆ తల్లికి తెలీదు. తాగొచ్చానన్న గొంతు మాత్రం అదొక్కటేనండీ.