పెంకుల పళ్ళపొడి

"ఆ గోడలో మేకు దిగిందో, నిచ్చెన లాగేస్తాను. చూసుకో!"

నిచ్చెన మీదున్న వడ్రంగి సుత్తిని గాల్లోనే ఆపాడు. రెండో చేతిలో 'దంత వైద్యశాల' అని రాసిన బోర్డు వేలాడుతోంది. అతని ఎడమ దవడ బూరెలా ఉబ్బి ఉంది.

"బిగించమన్నది డాక్టరమ్మగారేనండీ," అన్నాడు కిందికి చూసి.

"ఇల్లు డాక్టరమ్మది కాదు, నాది. దిగు!" అన్నారు మామగారు.

కోడలు గబగబా గుమ్మంలోకి వచ్చింది. "మావయ్యగారూ, ముందుగది వాడుకోమని మీరే అన్నారు కదా. కుర్చీ కూడా దింపించేశాం."

"గది ఖాళీగా ఉందన్నాను. నోళ్ళు కంపుకొట్టే వాళ్ళందరినీ తెచ్చి నా గుమ్మంలో వరసగా కూర్చోబెట్టమన్నానా?"

ఆయన వెనక కిటికీ గట్టు మీద నారింజ తొక్కలు, పిండేసిన నిమ్మ డిప్పలు, కడిగిన గుడ్డు పెంకులు పాత పేపరు మీద ఎండుతున్నాయి. రోజూ వంటింటి చెత్తబుట్టని పుల్లతో కెలికి ఏరుకొచ్చిన సంపద అది. ఆ గట్టు మీద ఒక్క తొక్క తగ్గినా ఆయనకు తెలిసిపోతుంది.

"అసలు పళ్ళకి డాక్టరేమిటమ్మాయ్? మందంతా మీరు బుట్టలో పారేస్తారు. పారేసి, గొట్టంలో నురగ కొనుక్కుంటారు. అరటి తొక్క లోపలివైపు రుద్దితే పసుపు పోతుంది. వాడేసిన టీపొడి చిగుళ్ళకి మంచిది. నారింజ తొక్కా గుడ్డు పెంకూ కలిపి నూరి తోమితే పన్ను ఉక్కు! ఇంత మాత్రం తెలుసుకోవడానికి నీకు అంత చదువు కావాల్సొచ్చింది. చదివినా తెలీలేదు."

"పెంకు గరుకు, మావయ్యగారూ. రోజూ దాంతో తోమితే పన్ను పైపొర అరిగిపోతుంది. పైగా తొక్కల్లో పులుపు..."

"పులుపు నీ మాటల్లో ఉంది."

వడ్రంగి నవ్వబోయి, అబ్బా అని దవడ పట్టుకున్నాడు.

లోపల్నించి కొడుకు వచ్చాడు. "నాన్నా, వీధిలో అందరూ చూస్తున్నారు."

"నువ్వు మాట్లాడకు. పెళ్ళాం పళ్ళ డాక్టరై ఉండి కూడా నీ నోట్లో పన్నుకో అతుకు. సిగ్గులేకపోతే సరి." ఆయన కోడలి వైపు తిరిగారు. "ఇదిగో, ఒక్కటే మాట. నీ కుర్చీలో కూర్చుంటాను. నా నోట్లో పుచ్చిన పన్ను ఒక్కటి చూపించు, గది నీదే. లేదంటే ఆ బోర్డు ఈ గోడెక్కదు. సరేనా?"

కోడలు ఒక్క క్షణం తటపటాయించింది. ఇంకెక్కడా గది దొరకదు. దొరికినా అద్దె కట్టే స్తోమత లేదు. "సరే," అంది.

మామగారు కుర్చీలో వెనక్కి వాలి, గ్యారేజీ తలుపులా నోరు తెరిచారు. కోడలు చేతి తొడుగులు వేసుకుని, లైటు వేసి, చిన్న అద్దంతో ఒక్కో పన్నూ చూడసాగింది. ఎదురుగా నిలబడ్డ భర్త, ఏదో ఒకటి చూపించెయ్ అన్నట్టు కళ్ళెగరేశాడు. వెనక దవడ పన్ను మీద నల్లటి గీత ఒకటి కనబడింది. ఆమె సన్నటి ఇనప పుల్లతో దాన్ని నొక్కి చూసింది. గుమ్మంలోంచి చూస్తున్న వడ్రంగి కూడా ఊపిరి బిగబట్టాడు.

అది టీ మరక.

ఆమె లైటు ఆర్పింది. "ఒక్కటి కూడా పుచ్చలేదు. ఎక్కడా అరగలేదు. చిగుళ్ళు కూడా గట్టిగా ఉన్నాయి."

మామగారు కుర్చీ దిగిన తీరు సింహాసనం దిగినట్టుంది.

"విన్నారుగా! నేను చెప్పడం కాదు, డాక్టరే చెప్పింది. ఏమయ్యా వడ్రంగీ, ఆ బోర్డు తిరగేసి స్నానాల గది తలుపుకి అడ్డపట్టీగా కొట్టు. చెక్క గట్టిదే, చదువే పుచ్చింది."

వడ్రంగి దవడ తడుముకుంటూ ఆయన దగ్గరికి చేరాడు. "పెద్దాయనా, ఆ పొడేదో నాకూ కాస్త..."

"చీము పట్టి ఉంటుంది. లోపలికి రా, చూస్తాను," అంది కోడలు.

"ముందు పెద్దాయన మందు చూద్దాం లెండి, డాక్టరమ్మగారూ. ఆయన పళ్ళు చూశారుగా!"

మామగారు వంటింట్లోంచి తన పళ్ళపొడి డబ్బా తెచ్చి బోర్లించి, అడుగున ఉన్నదంతా పొట్లం కట్టిచ్చారు. ఆ హుషారులోనే రోలు ముందు కూర్చుని ఎండిన పెంకులన్నీ నారింజ తొక్కలతో కలిపి నూరి, డబ్బా నిండా నింపి వంటింటి అలమరలో పెట్టారు. తర్వాత పక్కింటాయనకు ఈ విజయం వినిపించడానికి చెప్పులేసుకుని బయల్దేరారు.

వంటింట్లో భర్త భార్య మీద విరుచుకుపడ్డాడు.

"ఒక్క అబద్ధం! ఆ నల్లగీత మీద వేలు పెట్టి ఇదిగో అంటే పోయేది కదా! నీ నిజాయితీని ఇప్పుడు ఏ గోడకి తగిలిస్తావ్?"

ఆమె చేతి తొడుగులు విప్పి చెత్తబుట్టలో పడేసింది.

"అయినా ఇన్నాళ్ళు ఆ చెత్తతో తోమినా ఆ పళ్ళు చెక్కుచెదరలేదంటే..." అతను గొంతు తగ్గించాడు. "ఏమో, నాన్న చెప్పేదే నిజమేమో. నువ్వు చదివిందే తప్పేమో."

ఆమె కిటికీలోంచి తొంగి చూసింది. మామగారు పక్కింటి గుమ్మంలో నిలబడి నోరు తెరిచి పళ్ళు చూపిస్తున్నారు. ఆమె అలమరలోంచి డబ్బా తీసి, అందులో ఉన్న పెంకుల పొడంతా సింకులో ఒంపి, కుళాయి తిప్పింది.

"చెబితే డబ్బా తన గదిలో పెట్టుకుని తాళం వేసుకుంటారు. అప్పుడు నిజంగానే ఆ పళ్ళు పోతాయి," అంటూ, కాపురానికొచ్చిన నాటి నుంచీ చేస్తున్నట్టే మందుల షాపు పళ్ళపొడితో డబ్బా నింపి, వాసన కోసం చిటికెడు నారింజ తొక్క పొడి చల్లి మూత బిగించింది.