బుధవారం నాలుగింటికి

"వచ్చే బుధవారం మీ ఇంట్లో కూర్చుందాం, టైపిస్టమ్మా. పోయినాయన ఫొటో చూసినట్టూ ఉంటుంది," అంది నర్సక్క.

టైపిస్టమ్మకి టీ పొలమారింది.

అది భర్తలు పోయిన ఆడవాళ్ల బృందం. ఆమె భర్త నిక్షేపంగా ఉన్నాడు.

ఏడాది కిందట మోకాళ్ల డాక్టరు గది అనుకుని పక్క గదిలో అడుగుపెట్టింది. ఎనిమిది మంది ఆడవాళ్లు లేచి కుర్చీ వేశారు. నర్సక్క చెయ్యి పట్టుకుని, "ఆయన పోయి ఎన్నాళ్లయిందమ్మా?" అంది. తన చెయ్యి ఎవరైనా పట్టుకుని ఎన్నేళ్లయిందో! వదిలించుకోవడానికి మనసొప్పక, "ఆర్నెల్లు" అనేసింది.

ఇంట్లో నలభై ఏళ్లుగా ఆమె ఏం చెప్పినా పేపరు వెనక నుంచి "ఊఁ" తప్ప మరో మాట లేదు. ఇక్కడ నోరు విప్పితే ఎనిమిది జతల చెవులు. పోయినవాణ్ణి తిట్టకూడదు కదాని మంచి వెతికి చెప్పడం మొదలెట్టింది. వెతికితే దొరికింది కూడా. తనకి టైఫాయిడ్ వచ్చినప్పుడు మూడు వారాలు తన తల దువ్వి వంకరటింకర జడలు వేసింది ఆయనే. అది చెబుతూ నిజంగానే ఏడ్చింది. ఆ సాయంత్రం ఆయనకి చిక్కటి కాఫీ ఇచ్చింది.

ఆయనా ఈమధ్య మారాడు. తాగిన గ్లాసు తనే కడుగుతున్నాడు. కూరలో ఉప్పెక్కువైనా "బాగుంది" అంటున్నాడు.

గుట్టు బయటపడితే బుధవారాలు పోయినట్టే. మళ్లీ ఆ పేపరూ, ఆ "ఊఁ"లూ.

మంగళవారం వడ్డిస్తూ అడిగింది.

"రేపు నాలుగింటికి లైబ్రరీకేగా?"

"వెళ్లకేం? నీకు మోకాళ్ల డాక్టరు లేడూ?"

"లేకేం!"

మర్నాడు ఆయన మూడున్నరకే బయల్దేరాడు. చెప్పులు మంచం కిందకీ, చొక్కాలు బీరువాలోకీ తోసేసింది. ఫొటో కోసం ఆల్బమ్ తిరగేస్తే ఆయనది ఉంది, పక్కనుండాల్సిన తన పెళ్లినాటి ఫొటో లేదు. ఏ మనవరాలు పీకిందో అనుకుంది.

నాలుగింటికి అందరూ వచ్చారు. నర్సక్క ఫొటో చూసి, "ఎంత కళగల మొహం! దేవుడికి కళ్లు లేవు," అంటూ కళ్లొత్తుకుంది.

అందరికీ టీ అందించి, టైపిస్టమ్మ ట్రే పక్కన పెట్టేసింది. ఇలాంటి మనుషుల దగ్గర ఇంకా దాపరికమా?

"అక్కా, నిజం చెప్పేస్తాను. మా ఆయన..."

"మాకు తెలుసులే, ఊరుకో."

"తెలీదక్కా! ఆయన..."

వీధి తలుపు తాళం తిరిగింది.

గుమ్మంలో ఆయన! అచ్చం ఫొటోలోని మొహమే, జుట్టు మాత్రం లేదు. నర్సక్క చేతిలో కప్పు జారింది. ఆయన వెనక ఆరుగురు మగవాళ్లు, చేతుల్లో తెల్లపూల గుత్తులు. భార్యని చూసి ఆయన వెనక్కి తిరగబోయాడు, కానీ వెనకున్నవాళ్లు అప్పటికే లోపలికొచ్చేశారు.

వాళ్లలో పెద్దాయన మెల్లగా ముందుకొచ్చి, ఆమె మొహంలోకి పరీక్షగా చూశాడు.

"అమ్మా, పోయినావిడకి మీరు అక్కగారా?"