గూడబాతు ఎడమ రెక్క

"ఉరుకు బిడ్డా, ఉరుకు!"

నర్మద మోకాలి లోతు నీళ్ళలో నిలబడి చప్పట్లు కొట్టింది. గూడబాతు రెండు కాళ్ళతో ఒకేసారి నీటిని తన్నుతూ, రెక్కలు బాదుతూ నాలుగు గజాలు పరుగెత్తింది. ఎడమకు ఒరిగి దబ్బున కూలబడింది. ఏమీ జరగనట్టు తేలుతూ కూర్చుంది. ఆ దొరతనానికేం తక్కువ లేదు.

మానేరు డ్యామ్ మీద పొద్దుటి మంచు ఇంకా విడలేదు. నీళ్ళేవో ఆకాశమేదో తెలియడం లేదు. దూరంగా దాని మంద అర్ధచక్రంలా నిలబడి చేపల్ని ఒడ్డుకు తోలుతోంది.

"నీ వలల చిక్కి విరిగిన ఈకలు నెల దాటినా మొలుస్తలేవు," అంది నర్మద.

"మొలుస్తయ్. జర ఓపిక పట్టు," అన్నాడు ఆమె భర్త కొమురెల్లి, తెప్ప మీంచి.

"మంద రేపో మాపో లేస్తదట. గిదొక్కటే మిగిలితె ఎట్లనయ్యా? నాకు పరేషానైతుంది."

కొమురెల్లి మాటల కన్నా ఆ గొంతునే ఎక్కువగా విన్నాడు. పోయిన వానాకాలం మూడు రోజుల పసిగుడ్డును మట్టిలో పెట్టి వచ్చాక, నర్మద నోరు విప్పలేదు. నెలలు గడిచాయి. ఈ పక్షిని ఇంటికి తెచ్చిన రోజే, "దీనికి నీళ్ళు పెట్టినవా?" అని అడిగింది. ఆ పూట అతడు గోడ చాటుకు పోయి ఏడ్చాడు.

నర్మద ఓ చేపను విసిరింది. ముక్కు కింది సంచి బిందెలా నిండింది. పక్షి తల వంచి నీళ్ళు ఒంపేసి, చేపను మింగింది. దాని రొమ్ము నొక్కితే చర్మం కింది గాలి చిటపటలాడింది.

"ఒళ్ళంత గాలే. గింత పెద్దగున్నా ముంచినా మునుగది," అని నవ్వింది. అంతలోనే కళ్ళు తుడుచుకుంది. "ఇది పోతే నాకు ఏడుపొస్తది. అయినా పోవాలె. దాని వాళ్ళ దగ్గరికి అది పోవాలె."

"పోతది. ఫికర్ చెయ్యకు."

పక్షిని ఇంటి ముందు విడిచి, నర్మద చేపల గంపతో కరీంనగర్ ఆటో ఎక్కింది. మలుపు దాకా దానికి చెయ్యి ఊపుతూనే ఉంది.

కొమురెల్లి, కోళ్ళు ఎగిరిపోకుండా రెక్కల ఈకలు కత్తిరించే కత్తెరను ఎప్పటిలాగే చూరులోంచి తీసి, పక్షికి ఎడమ పక్కన కూర్చున్నాడు.