రెండు జానలు ఎడమకి

"కాల్చి చూడకుండా నేను తుపాకీ అమ్మను, కొనను," అంది బుర్గి. టిరోల్ కొండల్లో తాతల నాటి తుపాకుల కొట్టు నడిపే ముసలిది, కంపెనీ డైరెక్టర్ ఎర్హార్ట్ లాంటి వాళ్ళని చాలామందినే చూసింది.

ఎర్హార్ట్ గడియారం చూసుకున్నాడు. పదకొండూ పది. పదకొండూ నలభైకి రైలు. స్కాట్లాండులో జింకల వేటకి పోతున్నాడు. ప్రయాణానికి తేలిగ్గా ఉండే తుపాకి కావాలన్నాడు, రెండు ముక్కలుగా విడదీస్తే బట్టల పెట్టెలో పట్టాలన్నాడు. చేతిలో ఉన్న పాతది మార్పిడి కింద తీసుకొమ్మన్నాడు. అదీ విడదీసేదే, కానీ బరువట.

బరువు ఒట్టి సాకని విటుస్‌కి తెలుసు. తలుపు దగ్గర డైరెక్టర్ సంచులు మోస్తూ నిలబడ్డాడు. వేటకొచ్చే పెద్దమనుషులకి కొండ మీద దారి చూపడం అతని పని. పోయినేడాది సరిగ్గా ఇదే రోజు, చర్చిలో పన్నెండు కొడుతుండగా, ఎర్హార్ట్ ఆ పాత తుపాకితో తెల్ల కొండమేకని పడగొట్టాడు. తెల్లదాన్ని చంపినవాడు ఏడాది తిరక్కుండా పోతాడు. ఈ లోయలో పాలు తాగే పిల్లల్ని అడిగినా చెబుతారు.

పదిహేనేళ్ళుగా ఈ మనిషి పెట్టెలు మోసి, తిట్లు తిన్నాడు విటుస్. ఏడాదిగా రోజులు లెక్కపెడుతున్నాడు. ఇంకా యాభై నిమిషాలే మిగిలాయి, వీడేమో ఎర్రగా, గుండ్రాయిలా ఉన్నాడు, ఒక్క దగ్గు కూడా లేదు. గడువు దాటితే వీడు బతికిపోతాడు. డబ్బున్నవాడికి కొండ కూడా భయపడుతుందా అని ఒళ్ళు మండింది విటుస్‌కి.

బుర్గి బల్ల మీద మూడు తుపాకులు పరిచింది. ఎర్హార్ట్ ఒక్కోటీ విడదీసి, బిగించి, చంటిపిల్లని ఎత్తినట్టు ఎత్తి చూశాడు. మూడోది రెండున్నర కిలోలు కూడా లేదు.

"ఇలాంటిది ముందే కొనుంటే నీ కూలి మిగిలేది కదరా విటుస్," అన్నాడు.

"తుపాకి మిమ్మల్ని కొండ ఎక్కించదండీ," అన్నాడు విటుస్.

బల్ల చివర ఎర్హార్ట్ టోపీ ఉంది. దానికి కుడివైపు ఎండి గోధుమరంగుకి తిరిగిన ఫర్ చెట్టు కొమ్మ. చచ్చిన జంతువు నెత్తుట్లో ముంచి, కొట్టినవాడి టోపీకి గుచ్చడం ఇక్కడి మర్యాద. ఆ రోజు విటుసే తుంచి ఇచ్చాడు. పారేయడానికి ఎర్హార్ట్‌కి ధైర్యం చాలలేదు, చెప్పుకోడు గాని.

బుర్గి పాత తుపాకి పట్టుకుని నేలమాళిగలోకి దిగింది. అక్కడ గురి చూడ్డానికి వంద మీటర్ల సొరంగం ఉంది. మగవాళ్ళిద్దరూ వెనకే దిగారు. గురి సరిచేసి కాల్చిన మొదటి గుండు కాగితం నడిమధ్యన దిగింది. ఆమె బ్యారెల్ ఊడదీసి, తుడిచి, మళ్ళీ బిగించి కాల్చింది. కాగితం దగ్గరికి లాగి, రెండు చిల్లుల మధ్య దూరం జానతో కొలిచింది. మళ్ళీ విడదీసి, బిగించి కాల్చింది. గుండు మళ్ళీ ఆ రెండో చిల్లు దగ్గరికే పోయింది.

"బిగించాక ఒక గుండు కాల్చి గురి సరిచూసుకుంటారా మీరు?" అని అడిగింది.

దానికి టైమెక్కడిదన్నాడు ఎర్హార్ట్. నిజమే. ఆ రోజు పొద్దున రైలు దిగిన మనిషికి విటుస్ అదే చెప్పబోయి, నాకు పాఠాలు చెబుతావా అని చీవాట్లు తిన్నాడు.

"విడదీసి బిగించిన ప్రతిసారీ వంద మీటర్లకే జానెడు ఎడమకి పోతోంది," అంది బుర్గి. "రెండొందలకి రెండు జానలు. దీనితో మీరు కొండమేకని కొట్టలేదు బాబూ, కొండని కొట్టారు."

విటుస్ గోడ పట్టుకున్నాడు. ఆ రోజు తెల్లది రెండొందల మీటర్ల దూరంలోనే నిలబడింది.

పెద్దమనిషి కాల్చినప్పుడు దారి చూపేవాడు కూడా అదే క్షణాన కాల్చాలి. రెండు చప్పుళ్ళూ ఒకటిగా వినబడాలి. జంతువు పడగానే టోపీ తీసి పెద్దమనిషికి దండం పెట్టాలి. ఎవరి గుండో తేలకుండా ఇద్దరి తుపాకులకీ ఒకే కొలత గుండు. లోయంతా ఇదే బతుకు, ఇదే అబద్ధం. ఆ రోజు విటుస్ కూడా కాల్చాడు. మేక పడింది, ఒంట్లో ఒకటే గాయం. మేకకి రెండు జానలు ఎడమగా బండ మీంచి రాతిముక్క లేచింది. అది తన గుండే అనుకున్నాడు. జన్మలో మొదటిసారి గురి తప్పినందుకు సంతోషించాడు.

ఎర్హార్ట్ కాగితం వంక చూశాడు, విటుస్ వంక చూశాడు. పొట్ట పట్టుకుని నవ్వడం మొదలెట్టాడు. నవ్వుతూనే పైకొచ్చాడు, టోపీలోంచి ఎండుకొమ్మ పీకి, వెనకే వచ్చిన విటుస్ తల మీది టోపీకి కుడివైపు గుచ్చాడు.

"ఏడాదిగా నీ సొత్తు మోస్తున్నాన్రా. ఇదిగో, తీసుకో."

మూడో తుపాకి పెట్టెలో సర్దించుకుని, సంచులు తనే భుజాన వేసుకుని, ఈల వేసుకుంటూ స్టేషనుకి పోయాడు. కాసేపటికి రైలు కూత వినిపించింది.

బుర్గి తుపాకులన్నీ బీరువాలో పెట్టి తాళం వేసింది. పొయ్యి ఆర్పింది. కుర్చీని గోడ అరల కింద నుంచి గది మధ్యకి లాగింది.

"పన్నెండు కొట్టేదాకా ఇందులోంచి లేవకు. కొమ్మ తీసి అవతల పారెయ్యి."

"వాడు పెట్టింది వాడి భయం," అన్నాడు విటుస్ కూర్చుంటూ. "తీస్తే నాదీ భయమే అవుతుంది. ఏడాది ఎండిన పుల్ల బుర్గీ, ఏం చేస్తుంది?"

ఇద్దరూ గోడ గడియారం వంక చూస్తూ ఉండిపోయారు. పదకొండూ యాభై ఎనిమిది. కుడి కణత మీంచి చెమట చుక్క ఒకటి మెల్లగా జారితే విటుస్ చేత్తో తుడుచుకున్నాడు.

చెయ్యి ఎర్రగా వచ్చింది.