ఆరెకరాల గడ్డి

యంత్రం నాలుగో వరస ముగించుకుని వచ్చేసరికి పవన్ కుమార్ ఫోను మళ్ళీ మోగింది. మేనేజరు. పవన్ ఫోను నొక్కేసి జేబులో పెట్టుకున్నాడు. రెండు నిమిషాలాగి మళ్ళీ తీసి చూసుకున్నాడు.

గిద్దలూరు దారిలో ఉన్న డిగ్రీ కాలేజీ మైదానం అది. ఆరెకరాలు. ఈ ఏడు వానల్లేక గోడ అవతల చేలన్నీ ఎర్రగా ఎండిపోయి ఉన్నాయి. గోడ లోపల మాత్రం హాస్టలు వాడుక నీళ్ళు పారి, మోకాలెత్తు గడ్డి పచ్చగా లేచింది. ఆ గడ్డిని కోసుకుంటూ డ్రైవరు లేని యంత్రం తనంతట తానే తిరుగుతోంది. చెట్టు అడ్డొస్తే తప్పుకుంటోంది. గోడ దాకా పోయి వెనక్కి మళ్ళుతోంది.

"చూశారా మేడమ్? మనిషి అక్కర్లేదు," అన్నాడు పవన్. ఆ మాట అనడం అది ఏడోసారి.

ప్రిన్సిపాల్ యామిని తలూపింది. వచ్చే నెల కాలేజీని చూడడానికి పైనుంచి బృందం వస్తోంది. మైదానం నీటుగా కనబడాలి. అంతవరకే చెప్పింది. కొంటాననలేదు, కొనననీ అనలేదు.

సాయంత్రంలోగా ఆమె సంతకం పడకపోతే పవన్ ఉద్యోగం ఉండదు. చేరి మూడు నెలలైంది. ఒక్క యంత్రం అమ్మలేదు. వ్యాను తాళాలు ఆఫీసులో పడేసి సొంతూరు కురిచేడు పోయి కూర్చోమని మేనేజరు పొద్దున్నే చెప్పాడు. అంతకుముందు అతను టోల్‌గేటులో రసీదులు ఇచ్చేవాడు. ఫాస్టాగ్ వచ్చాక అక్కడ చెయ్యి చాచే మనిషితో పని లేకుండా పోయింది.

వేపచెట్టు కింద ఆరుగురు ఆడవాళ్ళు కొడవళ్ళు పట్టుకుని నిలబడి ఉన్నారు. రోజూ ఆ గడ్డి కోసేది వాళ్ళే. అటు చూడకూడదనుకున్నాడు పవన్. చూడకుండా ఉండలేకపోయాడు.

వాళ్ళలో పెద్దావిడ మార్తమ్మ దగ్గరికి వచ్చింది. వెనకే ఆమె కోడలు ఫెబీ.

"ఏంది నాయనా ఇది? కోసిన గడ్డి యాడా కనపడదే!"

"గడ్డి ఉండదు పెద్దమ్మా. కోసింది కోసినట్టు పొడి చేసి నేలకే కొట్టేస్తాది. ఏరే పని లేదు, మోసే పని లేదు."

మార్తమ్మ వంగి నేల తడిమింది. అరచేతికి పచ్చటి తడిపొడి అంటుకుంది.

"సచ్చినాం పో. మా ఆరిళ్ళల్లో పదకొండు గేదెలు ఉండాయి. బేస్తవారిపేట దాకా పోయినా పచ్చిపరక లేదు. వాటి నోట మన్ను కొట్టినావు గదయ్యా."

కోసిన గడ్డి వాళ్ళు మోపులు కట్టి ఇళ్ళకు మోసుకుపోవడం పవన్ పొద్దున గేటు దగ్గర చూశాడు. కూలికి తోడు అదొకటి కలిసొస్తోంది పాపం, అనుకున్నాడు.

"గోడ పక్క సుబాబుల్ కొమ్మలు కూడా ఇదే కొడతాదా అన్నా?" అడిగింది ఫెబీ.

"దానికి వేరే మిషన్ ఉంది. కొమ్మల్ని పొట్టు చేసేస్తాది."

"ఇంక మేకలు కూడా పస్తే అత్తా!"

పవన్ గబగబా అందుకున్నాడు. "మేడమ్‌తో చెప్తాలే పెద్దమ్మా. మిషన్ కడిగి పెట్టడానికైనా మీలో ఒకర్ని పెట్టుకోమని."

"అబ్బో! దానికి స్నానం కూడా మేమే పోయాల్నా? పౌడరు నువ్వు పూస్తావా?" అంది ఫెబీ.

చెట్టు కింద వాళ్ళు పకపకా నవ్వారు. మార్తమ్మ నవ్వలేదు. నేరుగా యామిని దగ్గరికి నడిచింది.

"మేడం, రేపట్నించి మట్టంగా కోస్తాం. దుబ్బులు వదిలిపెట్టం. మీరు పాఠాలు చెప్పే టయానికి గట్టిగా మాట్లాడం. మాలో ఆ నరసమ్మ నోరు నేను మూయిస్తా. ఆదివారం కూడా ఆరాధన అయినాక వచ్చి కోస్తాం. ఈ మిషన్‌ను పంపించేయండి మేడం."

"ఎన్నిసార్లు చెప్పాను మార్తమ్మా? మీరు కోశాక చూస్తే క్షవరం మధ్యలో లేచొచ్చిన తలలా ఉంటోంది."

మార్తమ్మ తల దించుకుంది. పవన్ వైపు తిరిగింది.

"సరే నాయనా. మేం పోతాం. నీ మిషన్ మేడానికి ఏమిస్తాదో అది చెప్పు."

"రెండేళ్ళ గ్యారంటీ ఇస్తాది."

ఆమె అతన్ని ఎగాదిగా చూసి వెళ్ళిపోయింది.

యంత్రం చివరి వరస ముగించి ఆగింది. కోసినంత మేర కొత్త దుప్పటి పరిచినట్టుంది. యామిని చెప్పులు విడిచి దాని మీద నాలుగడుగులు వేసింది.

"బాగుంది. కాగితాలు తెచ్చారా?"

పవన్ వ్యాను దగ్గరికి పరుగెత్తాడు. తిరిగి వస్తుంటే చెట్టు కింద వాళ్ళు కొడవళ్ళు గోనెసంచుల్లో చుట్టుకుంటున్నారు. రేపు వీళ్ళు ఎక్కడికి పోతారు? టోల్‌గేటు నుంచి టిఫిను డబ్బా చంకన పెట్టుకుని ఇంటికొచ్చిన ఆఖరి రోజు గుర్తొచ్చింది. కాళ్ళు ఆగాయి. జేబులో ఫోను మోగింది. కాళ్ళు కదిలాయి.

ప్రిన్సిపాల్ గదిలో కూర్చోకుండానే కాగితాలు పరిచాడు. యామిని కళ్ళద్దాలు పెట్టుకుని వరస వరసా చదివింది. ధర దగ్గర ఆమె వేలు ఆగింది.

"ఇంత పెట్టాలంటే కరస్పాండెంటు గారికి నేను జవాబు చెప్పాలి. ఏ లెక్కన గిట్టుబాటు అంటారు?"

పొద్దుటినుంచి పవన్ ఎదురుచూస్తున్నది ఆ ప్రశ్న కోసమే.

"కూలి ఖర్చే మేడమ్! నాలుగేళ్ళు తిరిగేసరికి మిషన్ డబ్బులు మీకు వెనక్కొచ్చేస్తాయి. మీరొక్క అంకె చెబితే ఇక్కడ రాసేస్తాను. ఆ ఆరుగురికీ ఏడాదికి ఎంత ఇస్తున్నారు?"

యామిని కళ్ళద్దాలు తీసి అతని వైపు వింతగా చూసింది.

"మేమివ్వడమేంటి బాబూ, ఏటా గడ్డికి వేలం పెడితే వాళ్ళే పాడుకుని కాలేజీకి ముప్పై వేలు కడుతున్నారు."