ముందు వరుస, మధ్య సీటు

"ఈ నాటకానికి ప్రాంప్టర్ వద్దు బాబూ. నేను చూసుకుంటాను," అన్నారు మాస్టారు.

స్టేజి పక్కన స్టూలు మీద కూర్చుని పేజీ తిప్పబోతున్న ఆయన భార్య చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఇరవై ఆరేళ్లుగా ఆయన వేసిన ప్రతి వేషానికీ పక్కనుంచి మాట అందించింది ఆవిడే. బృందంలో అందరికీ ఆవిడ 'గుసగుసక్క'.

దర్శకుడు వయసులో చిన్నవాడు. కాస్త మొహమాటపడ్డాడు.

"మీ పనికి వంక పెట్టి కాదక్కా. మాస్టారు మాటమాటకీ మెడ తిప్పి మీ వంకే చూస్తున్నారు. కొత్త థియేటర్లో మొట్టమొదటి నాటకం. ఊరంతా పోస్టర్లు అంటించాం. పదిహేను ఆటలు. జడ్జిగారు బోనులో ముద్దాయిని చూడాలి గానీ పెళ్లాన్ని చూస్తానంటే ఎలా?"

అందరూ నవ్వారు. మాస్టారూ నవ్వారు. గుసగుసక్క నాటకం ప్రతిని మూసి స్టూలు మీద పెట్టి లేచింది.

ఇంటికొచ్చాక గిన్నెలు ఆవిడ తరఫున మాట్లాడాయి. అవి చాలక నోరు కూడా విప్పింది.

"నా పని ఊడగొట్టడానికి దర్శకుడెందుకు, కట్టుకున్న మీరు చాలరూ?"

మాస్టారు అటు తిరిగి చొక్కా కొక్కేనికి తగిలిస్తున్నారు. పలకలేదు.

"మిమ్మల్నే! గోడతో మాట్లాడినా నయం."

ఆయన చొక్కా మడత సరిచేసుకుని అవతలి గదిలోకి వెళ్లిపోయారు. ఈ మధ్య ఇదే వరస. పిలిస్తే పలకని మొగుడు ఇంటికొకడు ఉంటాడని పక్కింటి పిన్నిగారు ఓదార్చింది కాబట్టి సరిపోయింది. పేరొచ్చేకొద్దీ కళ్లు నెత్తికెక్కుతాయని గుసగుసక్క తనకు తానే చెప్పుకుంది.

మొదటి ఆట రోజు పొద్దున ఆయన టికెట్టు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టారు.

"ముందు వరుస, మధ్య సీటు. అడిగి మరీ తీసుకున్నాను. నువ్వక్కడే కూర్చోవాలి. ఇంకెక్కడా కాదు."

"ఎందుకూ? నేను లేకపోయినా మీరెంత బాగా వేస్తారో కళ్లారా చూడటానికా?"

ఆయన ఆవిడ మొహంలోకి చాలాసేపు చూశారు.

"రా. అంతే."

సాయంత్రం ఆవిడ ఆ టికెట్టు పిన్నిగారికి ఇచ్చేసింది. "నాకు తలనొప్పి, మీరు వెళ్లి రండి" అంది. పిన్నిగారు సంబరంగా వెళ్లింది. ఇక ఇంట్లో కాలు నిలవలేదు. ఆట మొదలయ్యే వేళకి గుసగుసక్క కూడా థియేటర్ దగ్గరుంది. చిట్టచివరి వరుసలో, తలుపు పక్క సీటు కొనుక్కుని కూర్చుంది. తను వచ్చినట్టు ఆయనకి తెలియకూడదు. పంతం పంతమే.

తెర లేచింది. మొదటి రంగం నల్లేరు మీద నడకలా సాగింది. ఆయన నోరు విప్పేలోపు ఆవిడ పెదాలు కదిలేవి. ఇరవై ఆరేళ్ల అలవాటు, చీకట్లో కూర్చున్నా ఎక్కడికి పోతుంది?

రెండో రంగంలో మాస్టారు ఒకటికి రెండుసార్లు స్టేజి అంచుదాకా వచ్చారు. ముందు వరుసలోకి చూశారు. మధ్య సీట్లో పిన్నిగారు కాగితంతో విసురుకుంటోంది.

తీర్పు రంగం వచ్చింది. జడ్జి వేషంలో ఆయన లేచి నిలబడ్డారు. మాట మొదలుపెట్టేముందు రెండు క్షణాల మౌనం నాటకంలోనే ఉంది. రెండు గడిచాయి. అయిదు గడిచాయి. పది.

బంట్రోతు వేషంలో ఉన్నతను వెనకనుంచి దగ్గరికొచ్చి మెల్లగా మాట అందించాడు. మాస్టారు కనీసం తల కూడా తిప్పలేదు. ఆయన చూపు ఆ మధ్య సీటు మీదే నిలిచిపోయింది.

"ఈ తీర్పు రాసింది నేనే. నమ్మింది మాత్రం నేను కాదు," అంది గుసగుసక్క చివరి వరుసలోంచి. పైకే అంది. ముందు సీటాయన వెనక్కి తిరిగి "ష్!" అన్నాడు.

ఎవరో ఈల వేశారు. తెర పడిపోయింది.

ఆ క్షణంలో ఆవిడ గుండెల్లో చిన్న సంతోషం మెరిసింది. 'నేను లేకపోతే ఇంతే.' ఆ సంగతి ఆవిడ తర్వాత ఎన్నడూ, ఎవరితోనూ చెప్పుకోలేదు.

మేకప్ గది గుమ్మంలో దర్శకుడు ఎదురయ్యాడు.

"రేపట్నుంచి ఆ వేషం ఇంకొకరు వేస్తారక్కా. నేను మాన్పించలేదు. ఇక వెయ్యలేనని ఆయనే అన్నారు."

లోపల మాస్టారు తుండులో మొహం దాచుకుని, వెన్ను ఇటు పెట్టి కూర్చున్నారు. జడ్జి కోటు నేలమీద పడి ఉంది.

"నేనొచ్చానండీ. వెనకాల కూర్చున్నాను. కోపంతో మీరిచ్చిన టికెట్టు పిన్నిగారికి ఇచ్చేశాను. తప్పయిపోయింది."

ఆయన కదల్లేదు.

"తిట్టండి, పోనీ కొట్టండి. ఇలా మాట్లాడకుండా మాత్రం చంపకండి. మీకేనాడూ స్టేజి మీద మాట పోలేదు, ఇవాళ ఏమైందండీ?"

ఆవిడ చుట్టూ తిరిగి వెళ్లి ఎదురుగా నిలబడి తుండు లాగింది. ఆయన ఉలిక్కిపడ్డారు.

"ఎప్పుడొచ్చావు?"

"ఇందాకట్నుంచీ మాట్లాడుతూనే ఉన్నాను కదండీ!"

ఆ మాట పూర్తయ్యేదాకా ఆయన ఆవిడ పెదాల వంకే చూశారు. తర్వాత మెల్లగా అన్నారు:

"నువ్వు అందించే మాట నాకు వినపడి ఏడాది దాటింది. పక్కకి చూస్తే ఆ అబ్బాయి ఒప్పుకోవడం లేదని, ఎదురుగా కూర్చోమన్నాను."