పదకొండు గంటల దారి

“పదోసారి అడుగుతున్నావు బావా! తొమ్మిది వేల కిలోమీటర్లు. పదకొండు గంటలు. అంతే.”

విమాన టికెట్ల ఆఫీసులో మరదలు కంప్యూటరు తెరను బావ వైపు తిప్పింది.

“రేపు రాత్రి ఎక్కితే ఎల్లుండి పొద్దున ఎనిమిదింటికి దిగుతావు. రేవు అరగంట దూరం. ఓడ పదింటికి. మధ్యలో గడ్డం కూడా గీసుకోవచ్చు.”

బావ నవ్వలేదు. ఓడలో వంటవాడి పని. రెండేళ్ళు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాక దొరికింది. ఓడ దాటిపోతే పనీ దానితోనే పోతుంది.

“పొద్దుటి విమానంలో చూడవే.”

“చూశాను. ఇసుక వేస్తే రాలదు.”

గోడవారగా బల్ల మీద ఒక ముసలాయన కూర్చున్నాడు. వెలిసిన చొక్కా. తాడు కట్టిన కళ్ళజోడు. టికెట్టు అచ్చయ్యేదాకా ఆగమంటే ఆగాడు.

“అమ్మా, ఈ నెలలో అటు వెళ్ళేటప్పుడు గాలి ఎదురొస్తుంది. పన్నెండు దాటుతుంది,” అన్నాడు.

“ఇక్కడ పదకొండనే ఉంది తాతగారూ.”

“ఉంటుంది. గాలికి చదువు రాదుగా.”

బావ ముఖం పాలిపోయింది. అది చూసి మరదలికి ఒళ్ళు మండింది.

“గాలి సంగతి నడిపేవాళ్ళు చూసుకుంటారు లెండి. ఇదిగో మీ టికెట్టు.”

ముసలాయన చెయ్యి చాపలేదు.

“నాది పొద్దుటి విమానమే. రద్దు చేసి ఆ చోటు ఈ అబ్బాయికివ్వు. నేను రాత్రిదాంట్లో పోతాను.”

“మరి మీ పని?”

“నాదేం పని! పిలిచారని వెళ్తున్నా.”

బావ ఆశగా చూశాడు.

“నువ్వూరుకో బావా. ఎనిమిదేళ్ళుగా ఇదే కుర్చీలో కూర్చుంటున్నాను. దారినపోయేవాళ్ళు చెబితే నేర్చుకోవాలా?”

ముసలాయన లేచి వచ్చాడు. టికెట్టు నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

మూడోనాడు బావ ఫోన్ చేశాడు.

“తొమ్మిదింబావుకి దిగానే. తనిఖీలన్నీ దాటి పరిగెత్తుకుంటూ రేవుకి పోయేసరికి పది దాటింది. ఓడ కనబడుతూనే ఉంది... నీళ్ళ మధ్యన.”

అక్కకు ఏం చెప్పాలో మరదలికి తోచలేదు. ఆ కోపమంతా తీసుకెళ్ళి విమాన కంపెనీ మీద పోసింది.

“పదకొండు గంటలని రాసి పన్నెండు దాటిస్తారా?”

“ఎదురుగాలమ్మా. ఈ నెలంతా ఇంతే,” అన్నాడు ఫోన్‌లో అధికారి.

“దారినపోయే ముసలాయనకు తెలిసిన ముక్క, ముందే చెప్పడానికి మీకు నోరు లేదా?”

“ఏ ముసలాయన?”

“నిన్న పొద్దుటి విమానంలో వెళ్ళాడు. కళ్ళజోడుకు తాడు.”



“ఆ దారిలో విమానాలు మొదలై నలభై ఏళ్ళయిందని నిన్న పొద్దుటి విమానంలో సన్మానం పెట్టుకున్నామమ్మా, మొట్టమొదటిదాన్ని నడిపినాయనకు.”